లోకాంతరముల నుండి పిడికెడు మన్ను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక పల్లెటూరిలో ఇరువదియైదేండ్లపాటు ఒక గ్రంథాలయము తలుపు మూయకుండ నడచుట సామాన్య విషయము కాదు. గోదావరికి వరదలు వచ్చినవి, తుపానులు వచ్చినవి, సార్వాలు పోయిన యేండ్లు వచ్చినవి. ఐనను సాయంకాలమగుసరికి ఈ గదిలో దీపము వెలుగుచునే యున్నది. అందుకు కారకులైన వారందరును అభినందనీయులు.

ఈ సభలో మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, "ఏ విషయమును గూర్చి?" అని అడిగితిని. "మీరు బ్రతుకంతయు మట్టి పరీక్షలలో గడిపినవారు. మా పిల్లలు చూడబోయిన చంద్రయానమును గూర్చియే అడుగుచున్నారు. రెంటిని కలిపి ఏదైన చెప్పుడు" అని వారనిరి. హాస్యమునకే యనిరేమో! కాని ఆలోచించిన కొలదిని అవి రెండును ఒక్క విషయమే యని నాకు తోచినది. కావున మనిషి వెళ్ళని లోకములకు యంత్రములను పంపి, అచటి మట్టిని మన యింటికి తెప్పించుకొనుటను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. ముందుగా మన పొలమునుండియే బయలుదేరుదము.

మట్టి మచ్చు తీయు విధానము ఇచటి రైతులకు తెలియనిది కాదు. ఐనను పిల్లల కొరకు చెప్పుచున్నాను. పొలములో అడుగిడగానే ఎదుట కనబడిన చోట ఒక పార మన్ను తీసి సంచిలో వేసికొనినచో అది మచ్చు కానేరదు. గట్టు ప్రక్కను తీయరాదు. చెట్టు క్రిందను తీయరాదు. పెంటపోగు వేసిన చోటను, బోదె నీరు వచ్చి పడు చోటను తీయరాదు. పొలమంతయు వంకరటింకరగా నడచుచు పది పదునైదు చోట్లు ఎంచుకొనవలెను. పైనున్న గడ్డిని, మోళ్ళను తొలగించి, 15 సెంటీమీటర్ల లోతున గుంట త్రవ్వి, దాని గోడనుండి పైనుండి క్రిందివరకు అంగుళము మందమున పెచ్చు తీయవలెను. ఆ మన్నంతయు శుభ్రమైన గుడ్డపై కలిపి, గుండ్రముగా పరచి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు రెండు తీసివేసి, మిగిలినది మరల కలిపి, అరకిలో మిగులువరకు ఇట్లే చేయవలెను. దానిని నీడన ఆరబెట్టవలెను. ఎరువు తెచ్చిన సంచిలో వేయరాదు. తుదకు రైతు పేరు, సర్వే నంబరు, లోతు, తేదీ, వేయబోవు పైరు వ్రాసి చీటి పెట్టవలెను.

ఒక ఎకరమునందు ఆ లోతువరకు ఉండు మన్ను సుమారు 9 లక్షల కిలోలు. దాని తరఫున సాక్ష్యము చెప్పబోవునది అరకిలో. ప్రయోగశాలలో అందుండి తూచి తీయునది కొన్ని గ్రాములు మాత్రమే. కాబట్టియే ఇన్ని నిబంధనలు.

ఈ నిబంధనల విలువ నాకు పుస్తకములవలన తెలియలేదు. ఉద్యోగమున చేరిన తొలి యేట నేను చేసిన తప్పువలన తెలిసినది. సముద్రపు దాపున ఒక యూరిలో ఇద్దరు రైతుల పొలములనుండి ఒకే దినమున మచ్చులు తీసితిని. ఒకటి మంచి ఒండ్రు నేల, రెండవది చౌడు తేలిన నేల. చీకటి పడుచుండగా తొందరలో చీటీలు వ్రాసి సంచులలో వేసితిని. ఒకరి చీటి వేరొకరి సంచిలో పడినది. పరీక్ష చేసినవారు ఏ పొరపాటును చేయలేదు, లెక్కలు సరిగానే వచ్చినవి. కాని చౌడు లేని రైతు అప్పు తెచ్చి జిప్సము చల్లెను. చౌడున్న రైతు తన నేల మంచిదేనని నమ్మి ఊడ్పులు సాగించెను. ఆయన నారు పది దినములలో ఎఱ్ఱబారి చచ్చినది. సంగతి బయటపడినప్పుడు నేను వెళ్ళి తప్పు ఒప్పుకొంటిని. ఆ ముసలి రైతు నన్ను తిట్టలేదు. "మట్టి నిజమే చెప్పింది బాబూ, మనమే దాని పేరు మార్చేశాం" అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

నేను చెప్పదలచిన దంతయు ఆ ముసలివాని మాటలోనే యున్నది. మన్ను అబద్ధమాడదు. దానిని ఎచట తీసితిమి, ఎట్లు తీసితిమి, ఏది తగలకుండ తెచ్చితిమి, ఏ చీటి పెట్టి దాచితిమి అనువానిని బట్టి దాని సాక్ష్యము నిలుచును, లేదా వ్యర్థమగును. ఇది మన పొలమునకును సత్యమే, చంద్రునికిని సత్యమే, అంగారకునికిని సత్యమే.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. అంత దూరము పోయి మన్ను తేనేల? ఆకాశమునుండి ఉల్కాశిలలు తమంతట తామే పడుచున్నవి గదా! నిజమే, పడుచున్నవి. వానివలన శాస్త్రజ్ఞులు ఎంతో నేర్చికొనిరి. కాని ఉల్కాశిల చీటి లేని సంచి వంటిది. ఏ లోకమునుండి, ఏ చోటినుండి, ఎంత లోతునుండి వచ్చినదో సాధారణముగా దానిపై వ్రాసియుండదు. గాలిలో కాలి, నేలపై పడి, వానకు తడిసి, మన మట్టితో కలిసి గాని అది మన చేతికి రాదు.

మరియొక ప్రశ్న. అచటికే యంత్రమును పంపి అచటనే పరీక్షింపరాదా? అదియు చేసిరి. 1976 లో అమెరికావారి వైకింగు నౌకలు రెండు అంగారకునిపై దిగి, మట్టిని చేటవంటి సాధనముతో తీసి, తమ కడుపులోనున్న చిన్న ప్రయోగశాలలో జీవము కొరకు పరీక్షించినవి. ఒక పరీక్ష ఉన్నట్లు తోపించినది, వేరొకటి లేనట్లు తోపించినది. జీవములేదనియే యెక్కువమంది శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కాని ఆ వాదము నేటికిని పూర్తిగా సద్దుమణగలేదు. ఏలయన సందేహము వచ్చినప్పుడు క్రొత్త పరీక్ష చేయుటకు ఆ యంత్రములో వేరు పరికరము లేదు. వెళ్ళిన యంత్రము తనతో తీసికొనిపోయిన ప్రశ్నలనే అడుగగలదు. ఇంటికి తెచ్చిన మన్నునైతే, మన మనుమలు కూడ క్రొత్త ప్రశ్నలు అడుగవచ్చును.

దీనికొక చక్కని నిదర్శనమున్నది. 1969 మొదలు 1972 వరకు అపోలో నౌకలపై ఆరు పర్యాయములు చంద్రునిపై దిగిన మనుష్యులు మొత్తము 382 కిలోల రాళ్ళు, మన్ను తెచ్చిరి. 1972 డిసెంబరులో భూగర్భ శాస్త్రజ్ఞుడైన హారిసన్ ష్మిట్ అచట నారింజ వన్నె మట్టిని గుర్తించెను. అందు మిక్కిలి సన్నని గాజుపూసలున్నవి. చంద్రునిలో నీరన్నమాట లేదని అందరును చాలకాలము నమ్మిరి. 2008 లో అంతకు మునుపు లేని సూక్ష్మ పరికరములతో అట్టి పూసలనే మరల పరీక్షింపగా, వానిలో నీటి జాడ కనబడినది. మన్ను పాతదే, ప్రశ్న క్రొత్తది. అదే 2008 అక్టోబరు 22 వ తేదీన మన శ్రీహరికోటనుండి చంద్రయానము మొదటిది బయలుదేరినది. చంద్రుని నేలపై నీటి యణువుల జాడ ఆ నౌకలోని పరికరమువలన తెలియవచ్చినదని 2009 సెప్టెంబరులో ప్రకటించిరి. ఒకరు పైనుండి చూచిరి, ఒకరు దాచిన మన్నులో చూచిరి. రెండు సాక్ష్యములును కలిసినవి.

అపోలో మన్నులో కొంత మన దేశమునకును వచ్చినది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో దేవేంద్రలాల్ గారును వారి సహచరులును 1970 తరువాతి యేండ్లలో ఆ రేణువులపై విశ్వకిరణములు గీచిన సన్నని గీతలను చదివి, కోట్లాది సంవత్సరములుగా ఆ కిరణములు ఎట్లు కురిసినవో లెక్కించిరి. మన వారెవరును చంద్రునిపై కాలు పెట్టకపోయినను, మన్ను పంచుకొనుటవలన విద్య మన దేశమునకు వచ్చినది. గ్రంథాలయ సభలో ఈ మాట ప్రత్యేకముగా చెప్పదగియున్నది.

ఇక మనిషి తోడు లేకుండ యంత్రములు తెచ్చిన మన్నును గూర్చి చెప్పెదను. ఈ పనిలో మొదటి విజయము సోవియట్ రష్యాది. 1970 సెప్టెంబరులో లూనా 16 అను నౌక చంద్రునిపై దిగి, బర్మావంటి సాధనముతో 35 సెంటీమీటర్ల లోతు తొలిచి, 101 గ్రాముల మన్నును ఒక గుండులో పెట్టి భూమికి పంపినది. మన చేతిలో ఒక్క పిడికెడు! దానిని తెచ్చుటకు ముందు ఎన్నియో ప్రయత్నములు విఫలమైనవి. అంతకు ముందటి యేడు, అపోలో 11 వారు చంద్రునిపై నుండగనే, లూనా 15 అచటనే కూలిపోయినది. 1974 లో లూనా 23 దిగుచు దెబ్బతినుటవలన తొలుచు సాధనము పనిచేయలేదు. మన్ను అడుగుననే యున్నను తీయలేకపోయినది. 1976 లో లూనా 24 మాత్రము సుమారు రెండు మీటర్ల లోతునుండి 170 గ్రాములు తెచ్చినది. ఆ మన్నును మెత్తని గొట్టములో, పై పొర పైననే, క్రింది పొర క్రిందనే యుండునట్లు చుట్టగా చుట్టి తెచ్చిరి. పొలములో పై నుండి క్రిందివరకు పెచ్చు తీయుమన్న మాట జ్ఞప్తి తెచ్చుకొనుడు. పొరలు కలిసిపోయినచో చరిత్ర కలిసిపోవును.

ఆ తరువాత నలుబదినాలుగేండ్లు చంద్రునినుండి ఎవరును మన్ను తేలేదు. 2020 డిసెంబరులో చైనావారి చాంగ్ ఎ 5 అను నౌక 1,731 గ్రాములు తెచ్చినది. 2024 జూనులో చాంగ్ ఎ 6, మనకెన్నడును కనబడని చంద్రుని ఆవలి వైపునుండి 1,935 గ్రాములు తెచ్చినది. ఆ వైపు మన్ను మానవుని చేతికి వచ్చుట అదియే ప్రథమము. ఎక్కడ దిగవలెనో ముందుగా ఆలోచించుటయే ఈ రెంటి గొప్పతనము. అపోలో మచ్చులలోని నల్లరాళ్ళు 300 కోట్ల సంవత్సరములకు పైబడినవి. చాంగ్ ఎ 5 తెచ్చిన నల్లరాతి వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములు మాత్రమే. చంద్రునిలోని నిప్పు అంతకాలము ఆరలేదని అప్పుడు తెలిసినది. ఒకే మూలనుండి మచ్చు తీసి పొలమంతయు ఇట్టిదే యనుకొన్న రైతు వలె, మనము చంద్రుని గూర్చి అనుకొనుచుంటిమి.

నల్లరాయి యనగానే దూరపు వస్తువని తలపకుడు. గోదావరి పడమటి గట్టున పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు ప్రాంతములలోను, తూర్పు గట్టున రాజమహేంద్రవరము చెంత కాతేరులోను ఉన్న నల్లరాయి ఆ జాతిదే. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట భూమి లోపలినుండి పొంగి పారిన లావా గడ్డకట్టి అట్లయినది. శాస్త్రజ్ఞులు దానిని రాజమహేంద్రి ట్రాపు అందురు. పౌర్ణమినాడు చంద్రునిలో మనకు కనబడు మచ్చలు కూడ అట్టి లావా పారి నిండిన పల్లములే. మన రోడ్లపై వేయు కంకరయు, చంద్రుని ముఖముపై మచ్చయు దూరపు చుట్టములని చెప్పినచో తప్పు కాదు.

చంద్రునికంటె చిన్నవియు, దూరమైనవియు గ్రహశకలములు. అవి సూర్యకుటుంబము పుట్టిననాటి మిగులు సరకు. జపాను దేశపు హయబుసా నౌక 2003 లో బయలుదేరి, ఇటొకావా యను గ్రహశకలమును తాకి, ఎన్నో యంత్రములు చెడిపోయినను కుంటుచు 2010 జూనులో భూమికి చేరినది. మన్నును చిమ్మించుటకు పేల్చవలసిన గుండు పేలలేదు. పెట్టె తెరచి చూడగా కంటికి కనబడని రేణువులు వేయికి పైగా నున్నవి. వానితోనే వారు తృప్తిపడి పాఠములు నేర్చిరి. రెండవ హయబుసా ర్యుగూ అను శకలమునకు పోయి, పై పొర ఎండకు, కిరణములకు మారియుండునని తలచి, 2019 లో ఒక రాగిముద్దను కొట్టి గుంట చేసి, లోపలి మన్ను పైకి చిమ్మిన తరువాత ఆ చెంతనే మచ్చు తీసినది. గడ్డిని తొలగించి త్రవ్వుట యన్నమాట! 2020 డిసెంబరులో అది 5.4 గ్రాములు తెచ్చినది.

అమెరికావారి ఓసిరిస్ రెక్స్ నౌక 2020 అక్టోబరు 20 న బెన్నూ అను శకలమును తాకినది. గట్టినేల యుండుననుకొన్నచోట చేయి మెత్తగా లోపలికి దిగబడినది. పట్టిన మన్ను ఎక్కువై, మూతలో రాళ్ళు ఇరుకుకొని, రేణువులు బయటికి పోవ నారంభించినవి. అప్పుడు ఆ శాస్త్రజ్ఞులు తూచి చూచుకొను ముచ్చట మానుకొని, వెంటనే పెట్టెలో భద్రపరచిరి. 2023 సెప్టెంబరు 24 న అది భూమికి చేరినది. మొత్తము 121.6 గ్రాములు. ఆ మన్నులో జీవపదార్థములకు మూలమైన అమైనో ఆమ్లములు పదునాలుగు కనబడినవనియు, ఉప్పునీరు ఇంకిపోగా మిగిలిన లవణములున్నవనియు 2025 జనవరిలో ప్రకటించిరి. మన తీరమునందలి ఉప్పుమళ్ళలో నీరు ఇగిరి ఉప్పు తేలినట్లే, ఆ శకలమునకు తల్లియైన లోకములో ఎన్నడో ఉప్పునీరు ఇగిరినదన్నమాట. అట్టి లవణములలో కొన్ని మన గాలిలోని తేమ సోకినచో కరగి మారిపోవును. కావుననే వానిని నత్రజని నింపిన పెట్టెలలో ఉంచి, మన గాలి సోకనీయకుండ చేతి తొడుగులతో తాకుచున్నారు. ఎరువు సంచిలో మచ్చు వేయరాదన్న నిబంధనయే యిది.

చిన్న తప్పు ఎంత పని చేయునో చెప్పుటకు మరియొక కథ కలదు. సూర్యునినుండి వీచు కణములను పట్టి తెచ్చుటకు జెనెసిస్ అను నౌక 2001 లో వెళ్ళినది. 2004 సెప్టెంబరులో తిరిగివచ్చునప్పుడు గొడుగు విచ్చుకొనలేదు. పెట్టె ఎడారిలో పడి పగిలినది. ఒక చిన్న భాగమును తలక్రిందుగా అమర్చుటయే కారణమని విచారణలో తేలినది. నా చీటీల తారుమారు జ్ఞప్తికి వచ్చి ఆ కథ చదివినప్పుడు నా గుండె జల్లుమన్నది. కాని వారి ముందుచూపును చూడుడు. కణములను పట్టు పలకలను వేర్వేరు జట్లకు వేర్వేరు మందములలో చేయించియుండిరి. ముక్కలైనను, మందము కొలిచి ఏ ముక్క ఏ జట్టుదో గుర్తించిరి. చీటి చినిగినను చెడని చీటి యది! ఆ ముక్కలను కడిగి, పరీక్షించి, సూర్యునిలోని ప్రాణవాయువు స్వభావమును తెలిసికొనిరి. తప్పు జరుగక మానదు. తప్పు జరిగిననాడు కూడ నిజము మిగులునట్లు ముందే ఏర్పాటు చేసికొనుట విజ్ఞత.

ఇప్పుడు మన గోదావరికి వచ్చెదను. త్ర్యంబకము చెంత పుట్టి సముద్రమున కలియు లోపల ఈ తల్లి ఎన్ని కొండలు తాకి, ఎన్ని అడవులు దాటి, ఎన్ని వాగులను కలుపుకొని వచ్చునో! ప్రతిచోటి మన్నును కొంచెము కొంచెము తెచ్చి మన వాకిట పరచినది. డెల్టా యనగా నది తెచ్చి దాచిన మచ్చుల భాండారము. మనము కదలకుండ ఇంట కూర్చుండగనే మహారాష్ట్రమునందలి నల్లనేలల మన్నును అది మన పొలములోనికి తెచ్చియిచ్చినది.

అంగారకునిపై కూడ అట్టి డెల్టా ఒకటి కలదన్నచో మీకు ఆశ్చర్యము కలుగును. జెజెరో అను 45 కిలోమీటర్ల వెడల్పుగల పల్లమున, 300 కోట్ల సంవత్సరములకు ఎంతో పూర్వము సరస్సుండెను. దానిలోనికి ఒక నది వచ్చి పడి, మన నది వలెనే ఒండ్రు పరచినది. నేడు నది లేదు, నీరు లేదు. ఒండ్రు రాయియై నిలిచియున్నది. జీవము ఎప్పుడైన నుండినచో దాని జాడ అట్టి ఒండ్రులోనే చిక్కవచ్చునని, 2021 ఫిబ్రవరి 18 న పెర్సివియరెన్స్ అను చక్రముల యంత్రమును అచటనే దింపిరి. దానిలో 43 గొట్టములున్నవి. మొదటిసారి తొలిచి చూడగా రాయి పొడియై జారిపోయి గొట్టము ఖాళీగా వచ్చినది. తరువాత నేర్పుతో మచ్చులు పట్టిరి. గొట్టములలో కొన్నింటిని సాక్షులుగా నియమించిరి. యంత్రముతో వెళ్ళిన మన భూమి మలినమేదో, అచటి అసలు వస్తువేదో తేల్చుటకు అవి ఉపయోగపడును. 2024 లో ఆ యంత్రము మచ్చలు మచ్చలుగా నున్న ఒక రాతినుండి మచ్చు తీసినది. అట్టి మచ్చలను మన భూమిపై సూక్ష్మజీవులు చేయగలవు, జీవము లేని రసాయన క్రియలవలనను అవి రావచ్చును. ఏది నిజమో ఆ రాయి మన ప్రయోగశాలకు వచ్చిననే గాని తేలదు.

కాని ఆ గొట్టములను తెచ్చు నౌక ఇంకను కట్టలేదు. దానికగు వ్యయము 1,100 కోట్ల డాలర్లకు చేరునని 2024 లో తేలుటతో ఆ పథకము సందిగ్ధములో పడినది. పది గొట్టములు నేలపై ఒకచోట పెట్టియున్నవి, తక్కినవి యంత్రము కడుపులో నున్నవి. మచ్చు తీసి, చీటి వ్రాసి, సంచి మూతి కట్టి, బండి దొరకక గట్టుమీద పెట్టి కూర్చున్నట్లున్నది ఆ స్థితి.

మన దేశము మాటకు వచ్చెదము. 2023 జూలై 14 న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయానము మూడవది ఆగష్టు 23 న చంద్రుని దక్షిణ ధ్రువపు దాపున దిగినది. ప్రజ్ఞాన్ అను చిన్న బండి అచటి మట్టిని తాకి దాని మూలకములను లెక్కించినది. అది అనార్థొసైటు అను తెల్లరాతి సంబంధమైన మట్టియని తెలిసినది. తొల్లి చంద్రుని పై భాగమంతయు కరగిన రాతి సముద్రమై యుండెనను సిద్ధాంతమునకు అది బలము చేకూర్చినది. ఆ రాయియు మన దక్షిణదేశమున లేకపోలేదు. దిగుటను అభ్యసించుటకు మన శాస్త్రజ్ఞులు తమిళనాడులోని సీతంపూండి ప్రాంతపు అనార్థొసైటును పొడిచేసి, చంద్రుని మట్టివంటి మట్టిని తయారుచేసికొనిరి.

సెప్టెంబరు 3 న విక్రము నౌక తన యంత్రమును మరల వెలిగించి, సుమారు 40 సెంటీమీటర్లు పైకి లేచి, ప్రక్కకు జరిగి దిగినది. మూరెడు ఎత్తు! చూచుటకు చిన్న గంతు. కాని దిగినది మరల లేవగలదని తెలియుటయే మన్ను తెచ్చు పనికి తొలి మెట్టు. 2024 సెప్టెంబరు 18 న కేంద్ర మంత్రివర్గము 2,104 కోట్ల రూపాయలతో చంద్రయానము నాలుగవదానికి అనుమతి నిచ్చినది. ఐదు భాగములు గల ఆ నౌక రెండు రాకెట్లపై వెళ్ళి, ఆకాశమున ఒకటిగా కలిసి, చంద్రునిపై దిగి, మన్ను తీసి, పైకి లేచి, చంద్రుని చుట్టును తిరుగుచున్న భాగముతో కలిసి, మన్నును దానికి అప్పగించి, అది భూమికి తేవలెను. ఆకాశమున రెండు నౌకలను కలుపు విద్యను 2025 జనవరి 16 న మన వారు స్పేడెక్స్ అను ప్రయోగములో సాధించిరి. 2028 ప్రాంతమున ఈ యాత్ర సాగింపవలెనని సంకల్పము. ఆ రాకెట్లు లేచునది మన తెలుగునేలనుండియే. తెచ్చు మన్నును చదువబోవువారిలో, ఈనాడు ఈ పందిటిలో ముందు వరుసలో చాపమీద కూర్చున్న పిల్లలెవరైన నుందురేమో!

మన్ను తెచ్చిన తరువాత ఏమి చేయుదురో కూడ వినుడు. బెన్నూ మన్నులో కనీసము 70 శాతము భావితరముల కొరకు ముట్టుకొనక దాచుచున్నారు. 1972 లో చంద్రునిపై మూసి ముద్రవేసిన ఒక అపోలో గొట్టమును 2022 లో, ఏబదియేండ్లు నిండబోవుచుండగా తెరచిరి. దానిని మూసినవారు, తాము చూడలేనిదానిని తమ తరువాతివారు చూతురని నమ్మి మూసిరి. ర్యుగూ మన్నులో పదవ పాలు జపానువారు అమెరికావారికిచ్చిరి, బెన్నూ మన్నులో కొంత వారు వీరికిచ్చిరి. దాచుట, చీటి పెట్టుట, అడిగినవారికి ఎరువిచ్చుట, చెడకుండ తిరిగి తీసికొనుట అను ఈ నాలుగు పనులను ఈ గదిలో మన గ్రంథపాలకుడు ఇరువదియైదేండ్లుగా చేయుచునే యున్నాడు. చంద్రుని మన్ను దాచిన భవనమును ఒక గ్రంథాలయమే యనవచ్చును.

కడపట ఒక మనవి చేసికొని ముగించెదను. మన డెల్టా నేల మన కన్నుల యెదుటనే మారుచున్నది. వరిచేలు చేపల చెరువులును, రొయ్యల చెరువులును అగుచున్నవి. సముద్రపు దాపున ఉప్పు పైకి తేలుచున్నది. ఇరువదియైదేండ్ల క్రిందట ఈ యూరి మట్టి ఎట్లుండెనో చెప్పగల మచ్చు నేడు మనలో నెవ్వరియొద్దను లేదు. పెద్దలు జ్ఞాపకము చెప్పుదురు, జ్ఞాపకము తూకమునకు రాదు. కావున ఈ రజతోత్సవ సంవత్సరమున ఈ యూరి ప్రతి బోదె క్రింది ఆయకట్టునుండియు పద్ధతిగా ఒక్కొక్క మచ్చు తీసి, నీడన ఆరబెట్టి, గాజుసీసాలో పోసి, బిగువుగా మూతవేసి, సర్వే నంబరు, లోతు, తేదీ, పైరు స్పష్టముగా వ్రాసి, ఈ గ్రంథాలయములో ఒక బీరువా అరలో దాచుడు. పాఠశాల పిల్లలే ఆ పని చేయుదురు గాక. ఒక్కొక్క చీటిని ఇద్దరు చదివి సరిచూడుడు. ఆ జాగ్రత్త నా పేరు చెప్పి చేయుడు, ఎందుకో మీకు తెలియును.

ఇంకొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. అప్పటికి నేనుండను. కాని నేటి పిల్లలు పెద్దలై ఆ సీసాలు తెరచి, నేడు మనకు లేని పరికరములతో, మనకు తోచని ప్రశ్నలు వానిని అడుగుదురు. వారి యింటి అలమరలో చంద్రుని మన్ను లేకపోయినను, తమ తాత దున్నిన చేని మన్ను నిజమైన పేరుతో ఉండవలెను.